మొదటి రోజు రోడ్డు మీద ధ్యాస ఎక్కడుండాలి?

(మోటార్‌సైకిల్ నేర్చుకుని ఇంకా రోడ్డెక్కని వాళ్ళ కోసం ఒక శిక్షకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కొత్త హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. లైసెన్స్ చేతికొచ్చినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. సరే, చేతులు దించండి. వీళ్ళలో రోడ్డు మీద ఒంటరిగా నడిపినవాళ్ళు? ఎవరూ లేరు. మంచిది. నా మాటలు మీ కోసమే.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ కలిసి ఒక చెక్క చట్రానికి పెట్రోలు ఇంజన్ బిగించారు. బండి పడిపోకుండా పక్కల రెండు చిన్న చక్రాలు కూడా పెట్టారు. దాని బలం అర హార్స్‌పవర్. ఆ ఏడాది నవంబరులో డైమ్లర్ కొడుకు పాల్, అప్పటికి టీనేజీ కుర్రాడు, దాని మీద కాన్‌స్టాట్ నుంచి ఉంటర్‌ట్యుర్క్‌హైమ్ దాకా వెళ్ళాడు. ఇంజన్‌లో ఇంధనాన్ని మండించే వేడి గొట్టం సరిగ్గా సీటు కిందే ఉండేది. దారిలో సీటుకి నిప్పంటుకుందని చెబుతారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ ఒక్కటి గమనించండి. ఆ కుర్రాడికి ఎదురుగా కారు లేదు, పక్కన లారీ లేదు, వెనక హారన్ కొట్టేవాడు లేడు. అతని ధ్యాసంతా బండి మీదే పెట్టినా నష్టం లేదు. మీకు ఆ వీలు లేదు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. మైదానంలో మీరు నేర్చుకున్నదేమిటి? క్లచ్ ఎక్కడ పట్టుకుంటుంది, గేరు ఎప్పుడు మార్చాలి, ఎనిమిది ఆకారంలో ఎలా తిప్పాలి. అక్కడ మీ బుర్రంతా చేతుల్లోనూ కాళ్ళలోనూ ఉంది. ఉండొచ్చు, ఎందుకంటే మైదానంలో అడ్డొచ్చేది ఏమీ లేదు. మనిషి ధ్యాస జేబులో డబ్బులాంటిది. కొంతే ఉంటుంది, ఒకచోట ఖర్చు పెడితే ఇంకోచోటికి మిగలదు. ఏళ్ళ తరబడి నడిపినవాడికి క్లచ్ మీద ఏ ఖర్చూ ఉండదు, మొత్తం రోడ్డుకే పెడతాడు. మీరు మొదటి రోజు క్లచ్‌కి కొంత, గేరుకి కొంత, పడిపోతానేమోనన్న టెన్షన్‌కి ఇంకొంత పెట్టేస్తారు. రోడ్డుకి ఎంత మిగులుతుంది? అడుగుతున్నాను, చెప్పండి. ఆ, అదే. దాదాపు ఏమీ మిగలదు.

కాబట్టి మొదటి రోజు ఎంత దూరం వెళ్ళాం, ఎంత స్పీడు వెళ్ళాం అన్నది నాకు అక్కర్లేదు. రోడ్డు చూడటానికి ధ్యాస మిగిలిందా లేదా, అంతే. మిగలాలంటే ఏం చెయ్యాలి? రోడ్డు అడిగే ధ్యాసను తగ్గించాలి. అది మన చేతిలో పనే.

ఎలాగంటే, దారి ముందే ఎంచుకోండి. మీరు నడిచో, సైకిల్ మీదో, ఇంకొకరి బండి వెనక కూర్చునో వందసార్లు వెళ్ళిన దారి అయితే మంచిది. గుంత ఎక్కడుందో, స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో మీకు ముందే తెలుసు కాబట్టి వాటికి ధ్యాస ఖర్చు కాదు. ఎదురు వాహనాలకు అడ్డంగా తిరగాల్సిన మలుపులు తక్కువ ఉన్న దారి చూసుకోండి. ఒకే వైపు తిరుగుతూ ఒక చుట్టు చుట్టి ఇంటికి చేరిపోయే దారి దొరికితే అంతకంటే ఏం కావాలి! పగటి పూట వెళ్ళండి, పొడి రోడ్డు మీద, జనం ఆఫీసులకీ స్కూళ్ళకీ పరిగెత్తే వేళ తప్పించి. అరగంట చాలు. ఆ అరగంటలో కూడా మధ్యలో ఒకచోట పక్కకి ఆపి, హెల్మెట్ తీసి, కాస్త ఊపిరి పీల్చుకోండి.

వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు. ఇంకో మనిషి ఎక్కితే బండి వంగే తీరు, ఆగే దూరం, మొదలయ్యేటప్పుడు క్లచ్ వదిలే లెక్క అన్నీ మారిపోతాయి. మీరు మైదానంలో నేర్చుకున్న బండి ఒకటి, అప్పుడు నడిపే బండి ఇంకొకటి. ఇంకో మాట, ముఖ్యంగా కుర్రాళ్ళకి. బాగా నడిపే స్నేహితుడు ముందు వెళుతుంటే వెనక వెళ్ళకండి. వాడు సిగ్నల్ మారేలోపు దాటేస్తాడు, మీరూ దాటాలనుకుంటారు. వాడు ఓవర్‌టేక్ చేసిన చోటే మీకూ ఖాళీ ఉందనుకుంటారు. ఆ క్షణంలో మీ నిర్ణయాలన్నీ వాడివే. స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్ళాలనుకుంటే మీ వెనక రమ్మనండి. వెనకుండి మిమ్మల్ని తొందరపెట్టే వాహనాలకి వాడే అడ్డుగా ఉంటాడు, అదీ ఒక లాభం.

హెల్మెట్ గురించి మీకు చెప్పాల్సిన పని లేదు కదా? అయినా రెండు అంకెలు చెబుతాను. చాలా దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2008లో వచ్చింది. హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే అవకాశం 42 శాతం దాకా, తలకి దెబ్బ తగిలే అవకాశం 69 శాతం దాకా తగ్గుతుందని అందులో తేలింది. పట్టీ బిగించిన హెల్మెట్ గురించి మాట్లాడుతున్నాను. పట్టీ వదిలేసిన హెల్మెట్ మీకంటే ముందే కింద పడుతుంది. గ్లవ్స్ కూడా వేసుకోండి. పడితే మనిషి ముందుగా ఆనించేది అరచేతులే.

సరే, బండి ఎక్కారు. అద్దాలు అప్పుడే సర్దుకోండి, కదిలాక కాదు. అద్దంలో మీ మోచేయి అంచు కాస్తే కనిపించాలి, మిగతా అంతా రోడ్డే కనిపించాలి. చాలా మంది అద్దంలో సగం వాళ్ళ భుజమే ఉంటుంది! తర్వాత స్టార్ట్ చేస్తారు. స్టార్ట్ కాదు. మళ్ళీ నొక్కుతారు, కాదు. చెమటలు పడతాయి. కుడి చేతి దగ్గర ఉన్న, ఇంజన్ ఆపేసే ఎర్ర స్విచ్ చూసుకోండి, ఎవరో పిల్లలు నొక్కి వెళ్ళి ఉంటారు. స్టార్ట్ అయింది, గేరు వేశారు, వెంటనే ఆఫ్ అయింది. అప్పుడు సైడ్ స్టాండ్ చూసుకోండి. స్టాండ్ దించి ఉండగా గేరు వేస్తే ఇంజన్ ఆగిపోయేలా చాలా బళ్ళలో ఏర్పాటు ఉంటుంది. బండి చెడిపోలేదు, మిమ్మల్ని కాపాడుతోంది. ఈ రెండూ తెలియక మొదటి రోజే మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్ళు ఉంటారు. మెకానిక్ వచ్చి స్విచ్ నొక్కి నవ్వుతాడు.

ఇప్పుడు అసలు కష్టానికి వద్దాం. మొదటి రోజు మీకు ఎక్కువ భయం దేని గురించి? సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుందేమోనని. అవునా కాదా? తలలూపుతున్నారు. వెనక వరసగా వాహనాలు, లైటు పచ్చగా మారింది, మీరు క్లచ్ టక్కున వదిలారు, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు. ఇప్పుడు చాలామంది చేసే పని ఏమిటంటే, వెనక్కి తిరిగి చూస్తారు, కంగారుగా స్టార్ట్ నొక్కుతారు, రేస్ బాగా ఇచ్చి క్లచ్ మళ్ళీ టక్కున వదులుతారు. ఈసారి బండి ఆగదు, ఎగిరి ముందున్న కారు మీదకి వెళుతుంది. ఆగిపోయిన బండి వల్ల ఎవరికీ ఏమీ కాదు. హారన్‌కి భయపడి ఎగిరిన బండి వల్ల అవుతుంది.

అందుకని ఆగిపోతే ఏం చెయ్యాలో ఇప్పుడే, ఇక్కడే, మనసులో గట్టిపరుచుకోండి. క్లచ్ పూర్తిగా పట్టండి. బ్రేకు పట్టుకునే ఉండండి, ముఖ్యంగా ఎత్తు మీద ఉంటే కుడి కాలితో వెనక బ్రేకు. స్టార్ట్ నొక్కండి. గేరు ఒకటిలోనే ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఆగేటప్పుడు మూడో గేరులోనే ఆగి, అదే గేరులో కదలబోతే మళ్ళీ ఆగిపోతుంది. క్లచ్‌ని నెమ్మదిగా వదులుతూ, బండి ముందుకి లాగడం మొదలైన చోట ఒక్క క్షణం ఆపండి. హాఫ్ క్లచ్ అంటారే, అదే. చక్రాలు తిరిగాక మిగతాది వదలండి. హారన్ కొట్టేవాణ్ణి కొట్టనివ్వండి. వాడికి పచ్చ లైటు ఒక్కటి పోతుంది, అంతే. ఇది చదివి గుర్తుపెట్టుకునేది కాదు. రేపు మైదానానికి వెళ్ళి కావాలని బండి ఆపేసుకోండి, మళ్ళీ మొదలుపెట్టండి, మళ్ళీ ఆపేసుకోండి. కళ్ళు కిందకి దించకుండా చేయగలిగేదాకా చెయ్యండి. రోడ్డు మీద దీనికి ధ్యాస ఖర్చు కాకూడదు.

ఇంకా పెద్ద విషయం ఉంది. మీకు కనిపించని ప్రమాదం కంటే, మీరు కనిపించకపోవడం వల్ల వచ్చే ప్రమాదం ఎక్కువ. అమెరికాలో హ్యారీ హర్ట్ అని ఒక పరిశోధకుడు ఉండేవాడు, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఆయన బృందం 900కి పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. 1981లో నివేదిక వచ్చింది. ప్రమాదాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇంకో వాహనంతో గుద్దుకున్నవి. ఎక్కువగా కార్లతో. ఆ గుద్దుకున్న వాటిలో మూడింట రెండు వంతుల్లో తప్పు ఇంకో వాహనం నడిపేవాళ్ళది, మోటార్‌సైకిల్‌కి దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వలేదు. అడిగితే ఏమన్నారు? “బండి కనిపించలేదు” అన్నారు. అబద్ధమా? చాలామంది నిజమే చెప్పారు.

ఎందుకు కనిపించదు? మోటార్‌సైకిల్ ఎదురుగా నేరుగా వస్తుంటే చూసేవాడి కంటికి ఒక చిన్న చుక్క. చుక్క పక్కకి కదలదు, మెల్లగా పెద్దదవుతుంటుంది, దగ్గరికొచ్చాకే గబుక్కున పెద్దదవుతుంది. పైగా మన కంటికి ఒక బలహీనత ఉంది. చిన్న వస్తువు ఇంకా దూరంగా ఉన్నట్టు, వచ్చేసరికి టైం పడుతుందన్నట్టు అనిపిస్తుంది. అదే స్పీడుతో, అదే దూరంలో లారీ వస్తుంటే కారువాడు ఆగుతాడు. మీరు వస్తుంటే “దాటేయొచ్చులే” అనుకుంటాడు. కారు ముందు అద్దానికి పక్కన ఉండే స్తంభం వెనక ఒక మోటార్‌సైకిల్, దాని మీద మనిషి, మొత్తం దాగిపోగలరు. వాడు మీ వైపే తల తిప్పాడు, మీ కళ్ళలోకే చూశాడు అనిపిస్తుంది. నమ్మకండి. తల తిప్పినవాడికి కనిపించినట్టు లెక్క కాదు.

మరేం చూడాలి? కారు ముందు చక్రం చూడండి. కారు కదలడం మొదలైతే ముందుగా తెలిసేది చక్రంలోనే, ఎందుకంటే అది తిరగడం కంటికి వెంటనే పడుతుంది. పక్క రోడ్డు నుంచి ఒక కారు ముక్కు బయటపెట్టి నిలబడి ఉంది అనుకోండి. యాక్సిలరేటర్ వదిలేయండి, రెండు వేళ్ళు ముందు బ్రేకు మీద పెట్టండి, మీ వరసలోనే దానికి కాస్త దూరంగా జరగండి. అలా పక్కకి జరిగితే చుక్క కదులుతుంది, అప్పుడు కంటికి తగులుతుంది. లైటు పగలు కూడా వేసుకోండి. పసుపో, తెలుపో, ముదురు రంగు కాని చొక్కా వేసుకుంటే మంచిదే. కానీ చొక్కా వేసుకున్నాను కదా, కనిపిస్తాను కదా అనుకుని మాత్రం వెళ్ళకండి.

వేళ్ళు బ్రేకు మీద పెట్టమన్నాను కదా, అది ఎంత లాభమో లెక్క చూద్దాం. లెక్కలంటే భయపడకండి, చిన్నదే. గంటకు 50 కిలోమీటర్ల స్పీడులో మీరు సెకనుకి దాదాపు 14 మీటర్లు వెళతారు. ఏదో అడ్డొచ్చిందని కంటికి కనిపించి, బుర్ర గ్రహించి, చెయ్యి బ్రేకు పట్టేసరికి మామూలుగా ఒక సెకను దాటుతుంది. అంటే 14 మీటర్లు, మీరింకా బ్రేకే వెయ్యలేదు! వేళ్ళు ముందే లీవర్ మీద ఉంటే ఆ సెకనులో మూడో వంతు మిగిలినా నాలుగైదు మీటర్లు. ఒక కారు పొడవు. గుద్దడానికీ, గుద్దకుండా ఆగడానికీ మధ్య చాలాసార్లు అంతే ఉంటుంది.

బ్రేకు వేశాక సంగతి చూడండి. బ్రేకు వేస్తే బరువు ముందుకి వస్తుంది, ముందు చక్రం రోడ్డుకి అదుముకుంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. కాబట్టి ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే ఆగడానికి దాదాపు రెట్టింపు దూరం పడుతుంది, పైగా చక్రం బిగుసుకుని బండి స్కిడ్ అవుతుంది. హర్ట్ నివేదికలో ఇది కూడా ఉంది. చాలామంది ప్రమాద సమయంలో వెనక బ్రేకు మరీ గట్టిగా తొక్కి స్కిడ్ చేశారు, ముందు బ్రేకు చాలినంత వాడలేదు. ఎందుకంటే చిన్నప్పటి నుంచి మనకి నూరిపోశారు కదా, “ముందు బ్రేకు పట్టకు, బొక్కబోర్లా పడతావ్” అని. టక్కున పట్టేస్తే పడతారు, నిజమే. బరువు ముందుకి రాకముందే చక్రం బిగుసుకుపోతుంది. మెత్తగా మొదలుపెట్టి, గట్టిగా పిండుతూ పోవాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు కాదు, బండి నిటారుగా ఉన్నప్పుడు. ఏబీఎస్ ఉన్న బండి అయితే చక్రం బిగుసుకోకుండా అది చూసుకుంటుంది. కానీ ఏబీఎస్ మీ బదులు బ్రేకు వెయ్యదు, ముందుగా వెయ్యదు. స్పీడు రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు అవుతుంది, దాన్ని ఏ ఏబీఎస్సూ మార్చలేదు.

ఆ నివేదికలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. ప్రమాదాల్లో పడినవాళ్ళలో సగానికి పైగా ఆ బండి మీద 5 నెలల అనుభవం కూడా లేనివాళ్ళు, మొత్తం మీద ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళయినా సరే. అంటే మీరే కాదు, కొత్త బండి కొన్న పాత రైడర్ కూడా కొత్తవాడే. కాబట్టి మీ మామయ్యో, అన్నయ్యో “నా బండి తీసుకెళ్ళరా” అంటే, మొదటి రోజు వద్దు అనండి. మీరు మైదానంలో నేర్చుకున్న బండే తీసుకెళ్ళండి.

మలుపుల గురించి కొంచెం. మలుపులో ఎటు చూస్తే బండి అటే పోతుంది. గుంతని చూస్తూ తప్పించుకోవాలనుకుంటే సరిగ్గా గుంతలోకే వెళతారు. మలుపు చివర ఎక్కడ తేలాలో అటు తల తిప్పండి, కళ్ళొక్కటే కాదు, గడ్డం అటు తిరగాలి. స్పీడు మలుపుకి ముందే తగ్గించండి, మధ్యలో కాదు. ఇంకో విచిత్రం ఉంది. నడక స్పీడు దాటాక ఎడమకి వంగాలంటే ఎడమ చేతి వైపు హాండిల్‌ని ముందుకి నెట్టాలి. అంటే హాండిల్ ఒక్క క్షణం కుడికి తిరుగుతుంది, బండి ఎడమకి వాలుతుంది. నమ్మకం కలగడం లేదా? విమానం కనిపెట్టకముందు సైకిళ్ళ దుకాణం నడిపిన విల్బర్ రైట్ ఇది గమనించాడు. సైకిల్ తొక్కేవాళ్ళని ఎడమకి ఎలా తిరుగుతావని అడిగితే, హాండిల్ ఎడమకి తిప్పుతాననే చెప్పేవాళ్ళట. చేసేది ఒకటి, చేస్తున్నామనుకునేది ఇంకొకటి. మీ ఒంటికి ఇది తెలుసు, సైకిల్ మీద ఎప్పుడో నేర్చుకుంది. దీని గురించి రోడ్డు మీద ఆలోచించకండి. ఖాళీ మైదానంలో మెల్లగా నెట్టి చూడండి, ఆపదలో పక్కకి తప్పుకోవడానికి పనికొస్తుంది.

రోడ్డు ఉపరితలం గురించి ఎక్కువ చెప్పను. ఇసుక, కంకర, తడి ఆకులు, డీజిల్ మరక, తడిసిన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు. వీటి మీద వంగొద్దు, బ్రేకు గట్టిగా వెయ్యొద్దు, నిటారుగా దాటెయ్యండి. చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి వాన ఎక్కువ జారుడు, రోడ్డుకి పట్టిన నూనె పైకి తేలుతుంది కాబట్టి. కొత్త టైర్లు కూడా మొదట్లో జారతాయి. ముందు వాహనానికి రెండు సెకన్ల దూరం ఉంచండి. అది ఒక స్తంభాన్ని దాటగానే లెక్కపెట్టండి, రెండు అనేలోపు మీరు అదే స్తంభం దగ్గరికి వచ్చేస్తే మరీ దగ్గరగా ఉన్నారన్నమాట.

ఇండికేటర్ సంగతి మర్చిపోయేవాణ్ణి. కారులో స్టీరింగ్ తిరిగొస్తే ఇండికేటర్ దానంతటదే ఆగిపోతుంది. చాలా మోటార్‌సైకిళ్ళలో ఆగదు. మీరు తిరిగేసి, నేరుగా పోతూ ఉంటారు, అది కొట్టుకుంటూనే ఉంటుంది. పక్క రోడ్డులో నిలబడ్డ కారువాడు “వీడు ఇటే తిరుగుతాడు” అనుకుని బయటకి వచ్చేస్తాడు. అప్పుడు తప్పు ఎవరిదంటారు? తిరిగిన ప్రతిసారీ బొటనవేలితో ఒకసారి నొక్కేయండి, ఆగిపోయి ఉన్నా నొక్కండి.

ఇక ఆ అరగంటలో ఎక్కువ జాగ్రత్త పడాల్సిన చోటు ఏది? మొదటి సిగ్నల్ కాదు, ఆఖరి పది నిమిషాలు. అప్పటికి చేతులు కాస్త కుదురుకుంటాయి, “వచ్చేసిందిరా” అనిపిస్తుంది, ఇల్లు కనిపిస్తుంటుంది. అదే సమయానికి మెడ పట్టేసి ఉంటుంది, క్లచ్ పట్టిన ముంజేయి నొప్పెడుతుంటుంది. ఒంట్లో అలసట, మనసులో ధీమా, రెండూ కలిసే చోటు అది. యాక్సిలరేటర్ మీద చెయ్యి తెలియకుండానే తిరుగుతుంది. ఇంటి సందులోకి తిరిగే మలుపు దగ్గర అద్దం చూసి, భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, అప్పుడు తిరగండి. అద్దానికి అందని చోటు ఒకటి ఉంటుంది, అక్కడే స్కూటరో సైకిలో ఉంటుంది. బండి ఆపాక మొదటి గేరులో వదిలి, స్టాండ్ పూర్తిగా ముందుకి తన్నారో లేదో కాలితో చూసి, అప్పుడు దిగండి. రోడ్డంతా క్షేమంగా వచ్చి ఇంటి ముందు బండి పడేసుకునేవాళ్ళు తక్కువేం కాదు!

మధ్యలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది, అడగమ్మా. “వెనక ఎప్పుడు ఎక్కించుకోవచ్చు?” మంచి ప్రశ్న. రోజుల లెక్క నేను చెప్పను. ఇంటికొచ్చాక మీరు వెళ్ళిన దారిలో ఏం చూశారో ఎవరికైనా చెప్పి చూడండి. “క్లచ్ ఇలా అయింది, గేరు పడలేదు” అనే మాటలే వస్తుంటే ఇంకా టైం ఉంది. “ఆ మలుపులో తెల్ల కారు బయటకి వస్తుందని ముందే అనుమానం వచ్చింది” అని చెప్పగలుగుతున్నారనుకోండి, అప్పుడు ఎక్కించుకోండి, ముందు దగ్గర దారిలో. మీ నాన్నగారు ఒప్పుకుంటారా లేదా అన్నది నా చేతిలో లేదు తల్లీ.

మిగతా ప్రశ్నలు బయట మాట్లాడుకుందాం. ఆవరణలో బండి పెట్టించాను. ఒక్కొక్కరుగా కూర్చోండి, ఎవరి ఎత్తుకి అద్దాలు ఎలా సర్దుకోవాలో చూపిస్తాను. హెల్మెట్లు కుర్చీల్లో మర్చిపోకండి.